పొడుగ్గా, బక్కగా ఉంటే మార్ఫన్ జబ్బేనా? ఏ గుర్తులు చూడాలి, ఏ పరీక్షలు అడగాలి

పలమనేరు నుంచి రాసిన అమ్మ అడిగింది ఇదీ. కొడుక్కి 15 ఏళ్ళు, అప్పుడే ఆరడుగులు దాటాడు. బక్కమనిషి, వేళ్ళు బాగా పొడుగు, రొమ్ము ఎముక కాస్త ముందుకు పొడుచుకొచ్చింది, కళ్ళద్దాల పవర్ మైనస్ 6. స్కూల్లో పీఈటీ సారు వాలీబాల్ టీములోకి తీసుకుంటానంటున్నారు. ఈలోగా చుట్టాల్లో ఒకాయన ఏదో వీడియో చూసి "ఇది మార్ఫన్ అనే జబ్బు, గుండె దగ్గర రక్తనాళం పగులుతుంది" అని చెప్పి వెళ్ళాడు. పిల్లవాడి చిన్నాయన 38 ఏళ్ళకే హఠాత్తుగా పోయాడు, అందరూ గుండెపోటు అనుకున్నారు. ఆమెకూ భర్తకూ మేనరికం, భర్త ఆమెకు సొంత మేనమామ కొడుకు. ఇంట్లో చూసి గుర్తుపట్టడం ఎలా, నిజంగా భయపడాలా, మేనరికం వల్లే వచ్చిందా అని ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తానమ్మా. పొడుగు, సన్నం, పొడుగాటి వేళ్ళు అన్నంత వరకే ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. మన పక్క అలాంటి పిల్లలు వీధికొకరు ఉంటారు. కానీ మీరు రాసినదాంట్లో రొమ్ము ఎముక, మైనస్ 6, చిన్నాయన చావు, ఈ మూడూ ఒకే ఇంట్లో కలిశాయి. ఆ కలయికను వదిలేయకూడదు. ఈ నెలలోపే రెండు పరీక్షలు చేయించండి: చుక్కల మందు వేసి స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూపే యంత్రం) మీద కంటి పరీక్ష, అయోర్టా (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) మొదలు ఎంత వెడల్పుందో కొలిచి రాసిన ఎకో, అంటే గుండె స్కానింగ్. ఆ రెండూ చేతికి వచ్చేదాకా వాలీబాల్ వద్దు. మేనరికం గురించి కింద విడిగా రాస్తాను. ఒక్క మాటలో, మార్ఫన్ మేనరికం వల్ల రాదు.

నేను తిరుపతిలో జనరల్ మెడిసిన్ చూస్తాను. ఈ జబ్బున్నవాళ్ళెవరూ "నాకు మార్ఫన్ ఉందేమో చూడండి" అని రారు. నడుము నొప్పి అని ఒకరు, అరికాలు నొప్పి అని ఒకరు, మిలిటరీ సెలెక్షన్‌లో ఛాతీ బాగాలేదని పంపేశారని ఇంకొకరు వస్తారు. కళ్ళ డాక్టరు కన్ను చూస్తాడు, ఎముకల డాక్టరు వెన్ను చూస్తాడు, ఎవరి ముక్క వాళ్ళు సరిగ్గానే చూస్తారు. ముక్కలన్నీ ఒకచోట పెట్టి చూసేవాళ్ళు లేకనే ఈ జబ్బు ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండిపోతుంది.

అసలు జరిగేదేమిటంటే, మన ఒంట్లో ఎముకల్ని, కీళ్ళని, రక్తనాళాల గోడల్ని, కంటిలోని లెన్స్‌ని పట్టి ఉంచే కణజాలం ఒకటుంటుంది. అందులో ఫిబ్రిల్లిన్ అనే ప్రోటీన్ సన్నటి పోగులుగా అల్లుకుని ఉంటుంది. 15వ క్రోమోజోమ్ మీద ఉండే ఎఫ్‌బీఎన్1 అనే జన్యువులో లోపముంటే ఆ పోగులు బలహీనంగా తయారవుతాయి. 1896లో పారిస్‌లో మార్ఫన్ అనే పిల్లల డాక్టరు, కాళ్ళూ చేతులూ వేళ్ళూ విపరీతంగా పొడుగున్న ఒక అయిదేళ్ళ పాప గురించి రాశాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది. జన్యువు ఏదో తేలింది మాత్రం 1991లో. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

ఈ ప్రోటీన్ ఎక్కడెక్కడ ఉంటుందో అక్కడంతా తేడా కనిపిస్తుంది కాబట్టి ఎముకల్లో, కళ్ళలో, గుండె దగ్గర మూడుచోట్లా వెతుకుతాం. ఎముకల తేడా అందరికీ కనబడుతుంది, కానీ దానివల్ల ప్రాణం పోదు. ప్రాణం తీసేది బయటికి కనబడని అయోర్టా. గుండె నుంచి బయలుదేరే ఈ పెద్ద ధమని మొదట్లో, గోడ బలహీనంగా ఉన్నచోట, పలచబడిన సైకిల్ ట్యూబు బుడ్డ తేలినట్టు ఏళ్ళ మీద కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. ఒకరోజు లోపలి పొర చీలుతుంది. ఆ చీలిక వచ్చేదాకా మనిషికి ఏ నొప్పీ ఉండకపోవచ్చు.

ఇక ఇంట్లో చూడగలిగిన గుర్తులు.

చేతులు. రెండు చిన్న పరీక్షలున్నాయి. మొదటిది బొటనవేలి పరీక్ష: బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దానిమీద మిగతా నాలుగు వేళ్ళు మూసి పిడికిలి పట్టమనండి. బొటనవేలి చివరి కణుపు మొత్తం, అంటే గోరున్న భాగమంతా, చిటికెన వేలి వైపు నుంచి బయటికి పొడుచుకు రావాలి. గోరు కొస కాస్త కనిపిస్తే చాలదు. రెండోది మణికట్టు పరీక్ష: ఒక చేత్తో రెండో చేతి మణికట్టును చుట్టి పట్టుకోమనండి. బొటనవేలు, చిటికెన వేలు కలుసుకోవడం కాదు, బొటనవేలి కొస చిటికెన వేలి గోరును పూర్తిగా కప్పేయాలి. వీడియోలు చూసి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సన్నటి మణికట్టున్న ఆడపిల్లలు చాలామందికి వేళ్ళు కలుస్తాయి, దానికి అర్థమేమీ లేదు. డాక్టర్లు ఈ గుర్తులకు మార్కులు వేసే లెక్క ఒకటుంది, రెండు పరీక్షలూ గట్టిగా పాజిటివ్ అయితేనే అందులో బరువు ఎక్కువ. ఒక్కటే అయితే అంతంత మాత్రం.

బార. పిల్లవాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టి, చేతులు రెండు పక్కలకూ పూర్తిగా చాపించి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా టేపుతో కొలవండి. మామూలుగా బార, ఎత్తు దాదాపు సమానంగా ఉంటాయి. బారను ఎత్తుతో భాగిస్తే 1.05 దాటిందంటే అది ఒక గుర్తు. మీవాడి ఎత్తు 183 సెంటీమీటర్లు అనుకుంటే బార 192 దాటాలన్నమాట. దీనితోపాటు నడుము పైభాగం పొట్టిగా, కాళ్ళు పొడుగ్గా ఉండటం కూడా లెక్కలోకి వస్తుంది, కానీ ఆ కొలత ఇంట్లో సరిగా రాదు, డాక్టరుకు వదిలేయండి. వెన్ను బాగా వంకరపోయి ఉంటే ఈ కొలతలు నమ్మకూడదు, ఎందుకంటే ఎత్తు తగ్గిపోయి బార ఎక్కువున్నట్టు తప్పుగా తేలుతుంది.

ఛాతీ, వెన్ను, పాదాలు. చొక్కా విప్పించి పక్కనుంచి చూడండి. రొమ్ము ఎముక పావురానికిలా ముందుకు పొడుచుకొచ్చిందా, లోపలికి గుంటలా పోయిందా. రెండూ గుర్తులే, ముందుకు రావడానికి బరువెక్కువ. తర్వాత పిల్లవాణ్ణి ముందుకు వంచి వీపు వెనకనుంచి చూడండి, ఒకవైపు పక్కటెముకలు ఎత్తుగా లేస్తే వెన్ను వంకర ఉన్నట్టు. తడికాళ్ళతో గచ్చు మీద నడిపిస్తే పాదం ముద్ర మధ్యలో ఒంపు లేకుండా మొత్తం పడితే చదును పాదం. చదును పాదం ఒక్కటే ఉన్నవాళ్ళు కోకొల్లలు, అది చూసి బెంగపడకండి. మడమ కూడా బయటివైపుకు వంగిపోయి ఉంటే అప్పుడు విలువ పెరుగుతుంది.

మోచేతుల దగ్గర ఒక వింత ఉంది. మిగతా కీళ్ళు వదులుగా ఉన్న పిల్లల్లో కూడా కొందరికి మోచెయ్యి పూర్తిగా చాచబడదు, కాస్త మడతతోనే ఆగిపోతుంది. ఇది చాలామంది డాక్టర్లు కూడా చూడరు. వీపు మీద, భుజాల దగ్గర, నడుము మీద అడ్డంగా చారలు ఉండొచ్చు, లావెక్కి తగ్గినవాళ్ళకు వచ్చే చారల్లాంటివే. ఎత్తు ఒక్కసారిగా పెరిగిన మామూలు మగపిల్లలకు కూడా నడుము మీద ఇవి వస్తాయి కాబట్టి దీని బరువు తక్కువ. కోలముఖం, లోతుకళ్ళు, బయటి కొసలు కిందికి వాలిన కళ్ళు, చప్పిడి చెంప ఎముకలు, వెనక్కి పోయిన గడ్డం, ఈ అయిదింటిలో మూడుంటే ముఖం గుర్తు కింద ఒక మార్కు. అంగిలి ఎత్తుగా ఉండి పళ్ళు ఇరుకిరుకుగా రావడం కూడా వీళ్ళలో బాగా కనిపిస్తుంది. అయితే 2010లో సవరించిన లెక్కలో దానికి మార్కు లేదు.

ఈ లెక్క సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దీన్ని పెట్టుకుని జనం తమకు తామే తీర్పులు చెప్పుకుంటున్నారు. ఒంటి గుర్తులన్నిటికీ కలిపి 20 మార్కులు, 7 వస్తే లెక్కలోకి తీసుకోవాల్సిన స్థాయి. మీరు రాసినదాన్ని బట్టి మీవాడికి ముందుకొచ్చిన రొమ్ము ఎముకకు 2, మైనస్ 3 దాటిన, దూరం సరిగ్గా కనబడని చూపు లోపానికి 1, మొత్తం 3. చేతి పరీక్షలు రెండూ పాజిటివ్ అయితే ఇంకో 3, చదును పాదం ఉంటే 1. అప్పుడు 7 అవుతుంది. కానీ 7 వచ్చినంత మాత్రాన మార్ఫన్ అని చెప్పలేం. దానికి తోడు అయోర్టా వెడల్పు కావడమో, లేదా ఇంట్లో ఖాయంగా తేలిన మార్ఫన్ మనిషి ఉండటమో కావాలి. ఇటు అయోర్టా వెడల్పయి, కంటి లెన్స్ కూడా జారి ఉంటే, ఒంటి మీద ఒక్క గుర్తూ లేకపోయినా మార్ఫనే. బయటి గుర్తులు మనల్ని పరీక్షల గడప దాకా తీసుకెళ్తాయి, అంతవరకే.

కళ్ళ దగ్గర కాస్త ఎక్కువ రాస్తాను, మనవాళ్ళు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి. మార్ఫన్ ఉన్నవాళ్ళలో సగానికి పైగా మందికి కంటి లెన్స్ దాని చోటు నుంచి జరుగుతుంది, మామూలుగా పైకి. కొంచెమే జరిగితే పిల్లవాడికి తెలియదు, అద్దాల పవర్ మారిందనుకుంటాం. ఏడాదికి రెండుసార్లు అద్దాలు మారుస్తూ, సిలిండర్ పవర్ పెరుగుతూ, ఎన్ని మార్చినా "బోర్డు సరిగ్గా కనబడలేదు" అంటుంటే అనుమానించాలి. అద్దాల షాపులో కంప్యూటర్ పరీక్షతో ఇది తేలదు. కనుపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి, స్లిట్ ల్యాంప్ కింద లెన్స్ అంచులు చూడాలి. చుక్కలు వేయకుండా చూస్తే పైకి జరిగిన అంచు కంటి నల్లభాగం వెనక దాక్కుంటుంది. పుత్తూరు దగ్గరి ఒక అమ్మాయి ఇలాగే, ఇంటర్ దాకా అద్దాలు మారుస్తూనే వచ్చింది. కళ్ళ డాక్టరమ్మ చుక్కలు వేసి చూసి, రెండు లెన్సులూ పైకి జరిగాయని రాసి, గుండె చూపించుకోండి అని నా దగ్గరికి పంపింది. పిల్ల అంత పొడుగేమీ కాదు. ఎకోలో అయోర్టా మొదలు వయసుకు మించి వెడల్పుంది. ఎత్తు చూసి నిర్ణయించేవాళ్ళయితే ఆ పిల్లను ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు.

గుండె పరీక్షలో ఒక మెలిక ఉంది. ఈసీజీ నార్మల్‌గా ఉంటుంది. ఎకోలో పంపింగ్ అంటారే, ఈఎఫ్ 60 శాతం, అదీ నార్మల్‌గానే ఉంటుంది. "ఎకో నార్మల్ సార్" అని కాగితం చూపిస్తారు. నేను వెతికేది ఆ ముక్క కాదు. రిపోర్టులో ఏఓ అని ఒక అంకె ఉంటుంది, అయోర్టా కొలత. అది కూడా ఒక్కోసారి ఎక్కడ కొలిచారో తెలియకుండా ఉంటుంది. చీటీ మీద "సైనస్ ఆఫ్ వాల్సాల్వా దగ్గర అయోర్టా కొలత కావాలి, మార్ఫన్ అనుమానం" అని డాక్టరుతో రాయించుకుని వెళ్ళండి, అంటే అయోర్టా మొదట్లో కాస్త ఉబ్బెత్తుగా ఉండే చోటు. పిల్లలకు ఆ అంకె ఒక్కటే చాలదు. ఎత్తు, బరువు, వయసుతో పోల్చి జెడ్ స్కోర్ అని లెక్క కడతారు. ఈ స్కోర్ ఎన్నన్నదే అసలు మాట. అది 2, ఆపైన ఉంటే వెడల్పు అయినట్టు. కాబట్టి ఎకోకు వెళ్ళే రోజే పిల్లవాడి ఎత్తు, బరువు సరిగ్గా కొలిపించండి. మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు గదుల మధ్య తలుపు) వెనక్కి ఉబ్బుతోందా అన్నది కూడా అదే ఎకోలో చూస్తారు.

ఇప్పుడు చిన్నాయన సంగతి. మనూళ్ళలో 40 లోపు హఠాత్తుగా పోయిన ప్రతివాడికీ గుండెపోటు అనే పేరు పెట్టేస్తాం, పోస్ట్‌మార్టం ఉండదు. నిజంగా గుండెపోటే కావచ్చు, సిగరెట్టు, షుగరు ఉన్నాయేమో నాకు తెలియదు. మీరు ఇంట్లో పెద్దవాళ్ళను అడగాల్సినవి: ఆఖరి రోజున నొప్పి ఎక్కడ వచ్చింది? ఛాతీలో మొదలై వీపులోకి చీల్చుకుపోతున్నట్టు వచ్చిందని ఎవరైనా చెప్పారా? మనిషి ఎత్తెంత? చిన్నప్పటి నుంచి లావుపాటి అద్దాలున్నాయా? పెళ్ళి ఫోటోలు తీయండి. పీటల మీద కూర్చున్న ఫోటోలో చేతులు, వేళ్ళు, ఛాతీ ఆకారం బాగా తెలుస్తాయి. నేను చాలా కుటుంబాల్లో పాత ఆల్బమ్ చూసే సగం చరిత్ర రాసుకుంటాను.

మార్ఫన్ ఒక తరాన్ని దాటేసి తర్వాతి తరంలో తేలడం ఉండదు. ఆ జన్యువులో లోపమున్నవాళ్ళలో గుర్తులు ఎక్కువో తక్కువో ఉంటాయి, దాదాపు ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. చిన్నాయనకు ఉండి, అదే జబ్బు మీవాడికి వచ్చిందంటే మధ్యలో మీ ఆయనకు కూడా ఉండి తీరాలి. కాబట్టి పిల్లవాడితోపాటు మీ ఆయనకూ కళ్ళు, ఎకో చేయించండి. మీది మేనరికం కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. మీ మామగారూ మీ అమ్మా తోబుట్టువులు, ఆ వైపు నుంచి వచ్చి ఉంటే మీ అమ్మ ద్వారా మీకూ వచ్చి ఉండొచ్చు. అందుకని మీరు కూడా చేయించుకోండి. మీ ముగ్గురిదీ ఒకే రోజు అయిపోతుంది. మీ ఇద్దరికీ ఏమీ లేదని తేలితే చిన్నాయన చావుకూ పిల్లవాడికీ లంకె చాలావరకు తెగిపోయినట్టే. అయినా పిల్లవాడి పరీక్ష మానకూడదు. జబ్బున్నవాళ్ళలో సుమారు నాలుగోవంతు మందికి అమ్మానాన్నలెవరికీ లేకుండా కొత్తగానే వస్తుంది.

అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడైనా మగైనా. ఇది మేనరికంలో ఉన్నా బయటి సంబంధంలో ఉన్నా ఒకటే. "దగ్గర సంబంధం చేసుకున్నందుకే" అని మిమ్మల్ని ఎవరైనా ఎత్తిపొడిస్తే ఆ మాటకు ఆధారం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. జబ్బున్న కుటుంబంలో జబ్బున్న మేనమామకు జబ్బున్న మేనకోడలిని ఇస్తే, బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చే ప్రమాదముంది, అది చాలా తీవ్రంగా ఉంటుంది.

మేనరికానికి నిజంగా సంబంధమున్నది మార్ఫన్‌ను పోలిన ఇంకో జబ్బు, హోమోసిస్టినూరియా. అక్కడా పిల్లలు పొడుగ్గా, సన్నగా, పొడుగు వేళ్ళతో ఉంటారు, లెన్స్ జారుతుంది. తేడా ఏమిటంటే లెన్స్ ఎక్కువగా కిందికి జారుతుంది, చదువు వెనకబడవచ్చు, కీళ్ళు బిగుసుకున్నట్టు ఉంటాయి, రక్తం గడ్డలు కట్టే ముప్పు ఉంటుంది. మదనపల్లె వైపు నుంచి సొంత అక్క కూతురిని చేసుకున్న దంపతులు ఒక అబ్బాయిని తెచ్చారు. మార్ఫన్ అని రాసిన చీటీ చేతిలో ఉంది. పిల్లవాడు నెమ్మది, లెన్స్ కిందికి జారింది. రక్తంలో హోమోసిస్టీన్ చూపిస్తే మామూలు కంటే ఎన్నో రెట్లు ఉంది. దీనికి మందుంది. దాదాపు సగం మంది పిల్లల్లో బీ6 విటమిన్ పెద్ద మోతాదులోనే బాగా తగ్గుతుంది, మిగతావాళ్ళకు తిండి నియమం, వేరే మందులు. మీవాడి లెన్స్ జరిగిందని తేలితే, ఎటు జరిగినా సరే, ఈ రక్తపరీక్ష ఒకసారి చేయించమని అడగండి. వైద్యం పూర్తిగా వేరే దారి కాబట్టి ఆ తేడా తేల్చుకోవాలి.

ఇదే కోవలోని ఇంకొన్ని జబ్బుల పేర్లు మీకు వీడియోల్లో తగిలే ఉంటాయి. కొండనాలుక కొస రెండుగా చీలి, కళ్ళ మధ్య దూరం ఎక్కువుంటే లోయిస్-డీట్జ్ అనుమానిస్తాం. అందులో అయోర్టా తక్కువ వెడల్పులోనే చీలుతుంది, కాబట్టి నోరు తెరిపించి కొండనాలుక చూడటం నాకు అలవాటు. కంటి తెల్లగుడ్డు నీలంగా ఉండి చిన్నచిన్న దెబ్బలకే ఎముకలు విరిగితే అది వేరే జబ్బు. చర్మం సాగడం, గాయం మానినచోట మచ్చ ముడతలు పడ్డ పల్చటి కాగితంలా మిగలడం, కీళ్ళు వదులు, ఇవి ఎహ్లర్స్-డాన్లోస్ కుటుంబం. అందులో 13 రకాలున్నాయి. వీటిలో రక్తనాళాల రకం ప్రమాదకరం: ఛాతీ మీద చర్మం పల్చగా ఉండి నరాలు కనబడతాయి, తాకితే కమిలిపోతుంది.

కీళ్ళు వదులున్నంత మాత్రాన భయపడే తల్లులు కూడా ఎక్కువయ్యారు. డాన్సు నేర్చుకునే పిల్లలు, యోగా చేసే పిల్లలు బొటనవేలిని ముంజేతికి ఆనిస్తారు, మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తారు. ఇలాంటివాటికి 9 మార్కుల లెక్క ఒకటుంది, చిన్నపిల్లలకు 6, యుక్తవయసు వచ్చాక 5 వస్తే కీళ్ళు వదులని అర్థం. అంతే, జబ్బని కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక కూచిపూడి అమ్మాయికి మార్కులు దండిగా వచ్చాయి. కళ్ళు, ఎకో, చర్మం అన్నీ బాగున్నాయి. మోకాళ్ళ నొప్పులకు తొడ కండరాల వ్యాయామం చెప్పి పంపాను, ఇప్పుడూ డాన్సు చేస్తోంది.

అలాగే వాలీబాల్ ఆడే ఒక పొడుగు పిల్లవాణ్ణి వాళ్ళ కోచ్ భయపడి తెచ్చాడు. తాత, తండ్రి, మేనత్త అందరూ తాళ్ళలాగా పొడుగే, బార ఎత్తుకు సమానం, కళ్ళు శుభ్రం, అయోర్టా మామూలు. పొడుగు కుటుంబం, అంతే. ఆడుకోమన్నాను. కోచ్ భయంలో మాత్రం న్యాయముంది. ఫ్లో హైమన్ అని అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి, 1984 ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చిన జట్టులో మనిషి. 1986 జనవరిలో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయింది. మార్ఫన్ వల్ల అయోర్టా చీలిందని పోస్ట్‌మార్టంలోనే తెలిసింది. అంతకు ముందు ఎవరికీ అనుమానం రాలేదు.

పరీక్షలు అయ్యేదాకా ఏం మానాలి: పోటీ ఆటలు, కబడ్డీ లాంటి దెబ్బలు తగిలే ఆటలు, జిమ్‌లో బరువులెత్తడం, పుష్‌అప్‌లు, ఊపిరి బిగబట్టి చేసే ఏ పనైనా. నడక, మెల్లగా సైకిలు పరవాలేదు. అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కే మొక్కు ఉందని మీరు చివర్లో రాశారు. 3,550 మెట్లు, అందులో మోకాళ్ళ పర్వతం దగ్గరి ఎక్కుడు. ఎకో చూపించాక కార్డియాలజిస్టును అడిగి ఎక్కండి, స్వామి ఈ నెల ఆగుతాడు. ఇంకొకటి, జ్వరమనో విరేచనాలనో మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ బిళ్ళలు కొని వేయకండి. అయోర్టా బలహీనంగా ఉన్నవాళ్ళకు ఈ రకం యాంటీబయాటిక్స్ వాడొద్దని 2018లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. షాపతనికి పిల్లవాడి సంగతి తెలియదు.

హఠాత్తుగా ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు నొప్పి వస్తే గ్యాసని జెలుసిల్ తాగించి కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. ఎదురైన మొదటి డాక్టరుతోనే "మార్ఫన్ అనుమానం ఉంది" అని చెప్పండి. ఈ చీలికకు గుండెపోటని పొరబడి రక్తం పలచబరిచే మందులిస్తే ముప్పు పెరుగుతుంది. ఒకవైపు ఛాతీలో పోటు, ఊపిరాడకపోవడం వస్తే ఊపిరితిత్తి పగిలి గాలి చేరి ఉండొచ్చు, అదీ వీళ్ళలో ఎక్కువే, అదీ ఆసుపత్రి పనే.

ఒకవేళ మార్ఫనే అని తేలితే ఏమవుతుందో కూడా చెప్పాలి, లేకపోతే మీకు ఈ రాత్రి నిద్ర పట్టదు. 1972లో వచ్చిన ఒక పరిశీలనలో ఈ జబ్బుతో చనిపోయినవాళ్ళ సగటు వయసు 32. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరుగుతున్నది ఆ అంకే. అప్పటికి ఎకో ఇంత అందుబాటులో లేదు, ఆపరేషన్ కొత్త. ఇప్పుడు ముందుగా కనిపెట్టి, మందులు వాడుతూ, సమయానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు మామూలు ఆయుష్షుకు దగ్గరగా బతుకుతున్నారు. బీటా బ్లాకర్ అనే రకం బిళ్ళ, లేదా లోసార్టన్, ఒక్కోసారి రెండూ ఇస్తారు. అయోర్టా ఉబ్బే వేగం తగ్గించడానికి. కనిపెట్టిన ఆరు నెలలకు మళ్ళీ ఎకో, నిలకడగా ఉంటే తర్వాత ఏడాదికొకటి. పెద్దవాళ్ళలో 5 సెంటీమీటర్లకు చేరితే, ఇంట్లో ఎవరికైనా చీలిన చరిత్ర ఉంటే 4.5కే, ఆపరేషన్ చేసి ఆ భాగం మారుస్తారు. ముందుగా ప్లాన్ చేసుకున్న ఆపరేషన్‌కూ, చీలాక అర్ధరాత్రి చేసే ఆపరేషన్‌కూ ముప్పులో చాలా తేడా ఉంది. మెకానికల్ వాల్వు పెడితే జీవితాంతం రక్తం పలచబరిచే బిళ్ళ, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా ఉంటాయి. సొంత వాల్వును ఉంచి చేసే పద్ధతి కూడా ఉంది, సర్జన్‌ను అడగండి.

మీకు ఆడపిల్లలుంటే వాళ్ళకూ పరీక్షలు చేయించడం మర్చిపోవద్దు. జబ్బున్న అమ్మాయికి కాన్పు సమయం, కాన్పయ్యాక మొదటి వారాలు అయోర్టాకు గడ్డుకాలం. పెళ్ళయ్యాక కాదు, గర్భం అనుకోకముందే కొలత తెలిసి ఉండాలి. 4.5 దాటితే ముందు ఆపరేషన్, తర్వాతే గర్భం.

పరీక్షలు మొదటిసారి బాగున్నాయని తేలినా మీవాడికి 15 ఏళ్ళే. ఈ గుర్తులు ఎదుగుదలతోపాటు బయటపడతాయి. ఒంటి గుర్తులు బాగా ఉంటే ఎదుగుదల ఆగేదాకా ఏటా ఒక ఎకో చూపిస్తూ ఉండాలి, ఒక్కసారితో ఫైలు మూసేయకూడదు.

ఎక్కడ చూపించాలంటే, తిరుపతిలో స్విమ్స్ కార్డియాలజీ ఉంది, పిల్లలకైతే టీటీడీ వారి పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది, వెన్ను, ఛాతీ ఎముకల సంగతికి టీటీడీ వారి ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది. కళ్ళకు స్లిట్ ల్యాంప్ ఉన్న ఏ కళ్ళ డాక్టరైనా సరిపోతారు, "చుక్కలు వేసి లెన్స్ చోటు చూడండి" అని నోటితో అడగండి. మీకు పలమనేరు నుంచి వేలూరు కూడా దగ్గరే. అక్కడ సీఎంసీలో జన్యుశాస్త్ర విభాగం ఉంది, జన్యు పరీక్ష, కుటుంబానికి సలహా రెండూ దొరుకుతాయి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఉంది. జన్యు పరీక్షతో మొదలుపెట్టకండి. ఖర్చు, ఆలస్యం. కళ్ళు, ఎకో చూశాక అవసరమైతే చేస్తారు. లోపం ఒకరిలో ఖాయంగా దొరికితే ఇంట్లో మిగతావాళ్ళకు ఆ ఒక్క చోటే చూస్తారు కాబట్టి తేలిక.

వెళ్ళేటప్పుడు పిల్లవాడి పాత అద్దాల చీటీలన్నీ, చిన్నాయన ఫోటోలు, మీ రెండు వైపులా ఎవరెవరు ఏ వయసులో ఎలా పోయారో రాసిన కాగితం తీసుకెళ్ళండి. పీఈటీ సారుకు "డాక్టరు నెలరోజులు ఆపమన్నారు" అని చెప్పండి, కారణం చెప్పనక్కర్లేదు. ఎకో అయ్యాక అయోర్టా కొలత ఎన్ని మిల్లీమీటర్లో, ఆ రోజు ఎత్తు, బరువుతో కలిపి ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.